కణదర్శి పాపనికొలావు

శరీరంలో బాధ పుట్టిన తరువాత వైద్యుని వెదకడం లోకరీతి. బాధ పుట్టకముందే, తనకు రోగమున్నదని మనిషి ఎరుగకముందే, ఆ రోగం అడుగుజాడను పట్టుకోవచ్చునని నిరూపించిన శాస్త్రవేత్త జార్జి పాపనికొలావు. స్త్రీల వైద్యశాలలలో పాప్ స్మియర్ అనే మాట నేడు అతి సాధారణం. అందులోని పాప్ ఆయన ఇంటిపేరులోని తొలి అక్షరమే. ఆ మాటను వాడేవారిలో ఆ మనిషి కథ తెలిసినవారు తక్కువ.

గ్రీసు దేశంలో, ఏజియన్ సముద్రతీరాన యూబియా అనే పెద్ద దీవి ఉంది. ఆ దీవిలోని కైమీ పట్టణంలో 1883 మే 13వ తేదీన పాపనికొలావు జన్మించారు. తండ్రి వైద్యుడు, ఆ పట్టణానికి మేయరుగా కూడ పనిచేసినవారు. బాలుడు చురుకైనవాడు. పదిహేనేళ్ళ ప్రాయంలోనే ఏథెన్సు విశ్వవిద్యాలయంలో ప్రవేశించి, 1904లో వైద్యపట్టం పుచ్చుకున్నారు. వయొలిన్ వాదనమంటే ఆయనకు మక్కువ. సైన్యంలో కొంతకాలం వైద్యసేవ చేసి ఇల్లు చేరిన కుమారుడు తనవలెనే ఊరి వైద్యుడై స్థిరపడాలని తండ్రి కోరిక. కుమారుని మనసు మాత్రం ప్రాణి ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది అన్న ప్రశ్నల చుట్టూ తిరుగుతూ ఉండేది. ఎట్టకేలకు తండ్రిని ఒప్పించి 1907లో జర్మనీకి పయనమయ్యారు. యేనాలో హెకెల్ వద్ద, ఫ్రైబుర్గ్‌లో వైస్‌మాన్ వద్ద చదివి, 1910లో మ్యూనిక్ విశ్వవిద్యాలయం నుండి జంతుశాస్త్రంలో డాక్టరేటు పొందారు.

ఆ సంవత్సరమే ఆయనకు ఆండ్రొమాకీ అనే యువతితో వివాహం జరిగింది. ఆమె ఒక సైనికాధికారి కుమార్తె. గ్రీకు ఇతిహాసమైన ఇలియడ్‌లో వీరుడైన హెక్టరు భార్యకు ఉన్న పేరే ఆమెదీ. కావ్యంలోని ఆండ్రొమాకీకి భర్తను రణరంగానికి సాగనంపి విలపించడమే మిగిలింది. ఈ ఆండ్రొమాకీ భర్త వెంట సముద్రాలు దాటింది. ఆయన పరిశోధనలో సగభాగాన్ని తన భుజాలపై మోసింది. శాస్త్రచరిత్రలు ఆమెను ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టడం న్యాయంగా తోచదు.

మొనాకో సముద్రశాస్త్ర సంస్థలో కొన్నాళ్ళ ఉద్యోగం, 1912లో చెలరేగిన బాల్కన్ యుద్ధంలో సైనిక వైద్యునిగా సేవ, వీటిని ఎక్కువగా వివరించనక్కరలేదు. యుద్ధభూమిలో అమెరికా నుండి స్వచ్ఛందంగా వచ్చిన గ్రీకు యువకులు ఆయనకు పరిచయమయ్యారు. వారి మాటల వలన అటు దృష్టి మళ్ళింది. 1913 అక్టోబరులో దంపతులిద్దరూ న్యూయార్కు రేవులో దిగారు. ఇంగ్లీషు రాదు. చేతిలో ఉన్నది దేశంలో అడుగు పెట్టనివ్వడానికి చూపవలసిన కొద్ది సొమ్ము మాత్రమే. రెండు పట్టాలున్న ఆ పండితుడు ఒక పెద్ద దుకాణంలో తివాచీలు అమ్మడానికి కుదిరారు. అది ఎంతోకాలం నిలువలేదు. రాత్రివేళ భోజనశాలలలో వయొలిన్ వాయించారు. గ్రీకు పత్రికలో గుమాస్తాపని చేశారు. ఆండ్రొమాకీ అదే దుకాణంలో వారానికి ఐదు డాలర్లకు బొత్తాలు కుట్టింది.

మరుసటి ఏడాది కష్టాలు కొంత గట్టెక్కాయి. కార్నెల్ వైద్యకళాశాల శరీరనిర్మాణశాస్త్ర విభాగంలో, స్టాకర్డ్ అనే ఆచార్యుని కింద పాపనికొలావుకు చిన్న ఉద్యోగం దొరికింది. తరువాత దాదాపు యాభై ఏళ్ళు ఆ సంస్థే ఆయన లోకం. ఆండ్రొమాకీ కూడ ఆ ప్రయోగశాలలోనే సహాయకురాలైంది. అక్కడ పరిశోధనకు గినీపందులను పెంచేవారు. గర్భంలోని పిల్ల ఆడదో మగదో ఏ దశలో నిర్ణయమవుతుందో తెలుసుకోవడానికి, అండం విడుదలయ్యే సమయాన్ని ఖచ్చితంగా పట్టుకోవలసి వచ్చింది. కాని గినీపందిలో ఋతుచక్రాన్ని తెలిపే గుర్తు పైకి ఏదీ కనిపించదు. ప్రతిసారి ఒక జంతువును చంపి చూడడం తప్ప దారిలేదు. పాపనికొలావు ఇలా ఆలోచించారు: లోపల మార్పు జరుగుతున్నప్పుడు, ఎంత సూక్ష్మంగానైనా అది బయటికి జారే స్రావంలో కనిపించక తప్పదు. ముక్కు పరీక్షకు వాడే చిన్న పరికరం ఒకటి కొనితెచ్చి, జంతువు గర్భద్వారం నుండి రోజూ కొద్దిపాటి స్రావం తీసి, గాజుపలకపై పూసి, సూక్ష్మదర్శిని కింద చూడసాగారు. రోజురోజుకూ కణాల రూపం మారుతూ, సుమారు పదహారు రోజులకు మళ్ళీ మొదటికి వస్తున్నది. జంతువును చంపకుండానే దాని దేహంలోని కాలచక్రాన్ని చదివే విద్య అలా దొరికింది. 1917లో వెలువడిన ఈ పరిశోధన హార్మోనుల అధ్యయనానికి పునాదిరాయి అయింది.

జంతువులో కనిపించినది మనుషులలో కనిపిస్తుందా అన్నది తరువాతి ప్రశ్న. ప్రశ్న సులువే. రోజూ తన నమూనాను ఇవ్వడానికి ఒప్పుకొనే స్త్రీ ఎవరు? ఆండ్రొమాకీ ముందుకు వచ్చింది. ఒక వారమో నెలో కాదు, ఏళ్ళ తరబడి ఆమె తన నమూనాలను భర్త పరిశోధనకు ఇస్తూ వచ్చింది. ఆ గాజుపలకల వలన ఆరోగ్యవతియైన స్త్రీ దేహంలో కణాలు ఏ రోజున ఎలా ఉంటాయో ఆయనకు కంఠస్థమైంది. వ్యాకరణం తెలిసినవానికే అపశబ్దం చెవిని గుచ్చుతుంది. సహజమైన కణమేదో అంత బాగా ఎరిగిన కంటికే వికృతకణం పట్టుబడుతుంది. పాపనికొలావు తరువాతి విజయానికి మూలం ఇదేనని నా అభిప్రాయం.

1925 ప్రాంతంలో ఆయన న్యూయార్కు ఆసుపత్రిలోని స్త్రీల నమూనాలను పద్ధతిగా సేకరించనారంభించారు. ఒకనాడు ఒక గాజుపలకపై వింత కణాలు కనిపించాయి. కేంద్రకాలు ఉబ్బి, నల్లబడి, ఒకదానికొకటి పొంతన లేని ఆకారాలతో ఉన్నాయి. ఆ స్త్రీకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్నది. గర్భసంచి దిగువన, కంఠంవలె సన్నగా ఉండే భాగానికి వచ్చే క్యాన్సర్ అది. కత్తి పెట్టకుండా, కండ కోయకుండా, జారిన కణాలను చూసి క్యాన్సర్‌ను గుర్తించిన ఆ ఘడియను ఆయన జీవితాంతం పరవశంతో తలచుకొనేవారు.

1928 జనవరిలో, మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్ పట్టణంలో జరిగిన ఒక సదస్సులో ఈ సంగతి ప్రకటించారు. విన్నవారు పెదవి విరిచారు. కండముక్కను కోసి చూస్తేనే క్యాన్సర్ నిర్ధారణ అవుతుందని నమ్మే రోజులవి. విడికణాలను చూసి తీర్పు చెప్పడం రోగనిర్ణయ నిపుణులకు మింగుడుపడలేదు. దీనిని కేవలం అసూయగా చిత్రించడం కొందరు జీవితచరిత్రకారులకు అలవాటు. నిజానికి ఆనాడు ఆయన చూపిన ఉదాహరణలు కొద్ది. అచ్చయిన చిత్రాలు అస్పష్టం. సందేహించినవారి వద్ద కొంత న్యాయం లేకపోలేదు. ఇంకొక మాట కూడ చెప్పాలి. రుమేనియాలో ఆరెల్ బాబెష్ అనే వైద్యుడు 1927లోనే ఇటువంటి పద్ధతిని స్వతంత్రంగా ప్రకటించి ఉన్నారు. ఇద్దరి దారులూ వేరు. ఒకరి పని ఒకరు ఎరుగరు.

తిరస్కారం తరువాత పాపనికొలావు వాదానికి దిగలేదు. హార్మోనుల పరిశోధనకు మరలి, గాజుపలకలను మాత్రం పోగుచేస్తూనే ఉన్నారు. పదకొండేళ్ళు గడిచాయి. 1939లో ఆ విభాగానికి కొత్త అధిపతిగా వచ్చిన జోసెఫ్ హిన్సీ ఆ పాత పనిని తిరిగి చేపట్టమని ప్రోత్సహించారు. స్త్రీవ్యాధి నిపుణుడైన హెర్బర్ట్ ట్రౌట్ తోడయ్యారు. ఆ విభాగంలో చేరిన ప్రతి స్త్రీ నమూనాను పరీక్షించారు. బాధలేవీ లేని స్త్రీలలో సైతం, క్యాన్సర్‌గా పరిణమించబోయే మార్పులు బయటపడ్డాయి. 1941లో పరిశోధన వ్యాసం, 1943లో గ్రంథం వెలువడ్డాయి. ఆ గ్రంథంలోని కణాలను హషిమె మురయామ అనే జపనీయ చిత్రకారుడు రంగులలో చిత్రించారు. ఆ దేశంతో అమెరికా యుద్ధం చేస్తున్న రోజులవి అని గుర్తుంచుకుంటే ఆ చిత్రాల విలువ ఇంకా తెలుస్తుంది.

ఈసారి లోకం విన్నది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 1949 నుండి స్త్రీలకు ఈ పరీక్షను క్రమబద్ధంగా చేయసాగారు. 1950లో ఆయనకు లాస్కర్ పురస్కారం లభించింది. నోబెల్ మాత్రం దక్కలేదు. అమెరికాలో 1955కు, 1992కు నడుమ ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు 70 శాతం తగ్గాయి. 1961లో, డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో, మయామీలోని క్యాన్సర్ సంస్థకు నాయకత్వం వహించడానికి తరలి వెళ్ళారు. మూడు నెలలైనా నిండకముందే, 1962 ఫిబ్రవరి 19న గుండెపోటుతో కన్నుమూశారు. సంతానం లేదు. ఆండ్రొమాకీ ఆ సంస్థలోనే పనిచేస్తూ మరి ఇరవై ఏళ్ళు జీవించి, 1982లో మరణించింది.

జీవితం ముగిసినా కథ ముగియలేదు. ఈ పరీక్ష వలన ధనిక దేశాలలో మరణాలు తగ్గాయి. మన దేశంలో తగ్గవలసినంతగా తగ్గలేదు. 2022 అంచనాల ప్రకారం భారతదేశంలో ఏటా దాదాపు 1,27,000 మంది స్త్రీలు ఈ రోగానికి గురవుతున్నారు; సుమారు 80,000 మంది మరణిస్తున్నారు. పరీక్ష కనుగొని అన్ని దశాబ్దాలైనా ఇలా ఎందుకు జరుగుతున్నది? కారణం ఆ పరీక్ష స్వభావంలోనే ఉంది.

పూర్వపు కృష్ణాజిల్లా మెట్టప్రాంతంలోని చిల్లకల్లును ఉదాహరణగా తీసుకుందాం. జగ్గయ్యపేట మండలంలో, హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రహదారి మీద ఉన్న గ్రామమిది. 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. నల్లరేగడి నేలలు, పత్తి, మిరప. పత్తితీతకో మిరపకోతకో పోయే కూలితల్లికి పాప్ పరీక్ష చేయాలంటే ఏమేమి కావాలో చూడండి. శిక్షణ పొందినవారు పరికరంతో లోపల పరీక్షించి నమూనా తీయాలి. దానిని గాజుపలకపై పూసి, ఆరిపోకముందే సారాయి ద్రవంలో ముంచాలి. రంగులు అద్దాలి. ఒక్కొక్క పలకపై ఉన్న వేలాది కణాలను అనుభవమున్న కన్ను ఓపికగా చదవాలి. అటువంటి కళ్ళు ఉండేది నగరాలలో. ఫలితం వచ్చేసరికి రోజులు, వారాలు పడుతుంది. దానికోసం ఆమె మరొక రోజు కూలి వదులుకోవాలి. పైగా ఒక్కసారి చేసిన పరీక్ష రోగాన్ని దాటవేసే అవకాశం తక్కువేమీ కాదు గనుక, మూడేళ్ళకొకసారి మళ్ళీ చేయాలి. పాపనికొలావు కంటికి ఉన్న శక్తి ఆయన వెంట ప్రతి పల్లెకూ రాలేదు.

దీనికితోడు సంకోచం. తెల్లబట్ట అవుతున్నదనో, ముట్టుడిగిన తరువాత మళ్ళీ రక్తం కనిపించిందనో ఇంట్లో చెప్పుకోవడానికే మన స్త్రీలు వెనుకాడతారు. చెప్పినవారికి ఎదురయ్యే ఆపద మరొకటి. క్యాన్సర్ వస్తుందన్న భయంతో, నిర్ధారించే పరీక్ష ఏదీ లేకుండానే, చిన్న వయసులో గర్భసంచి తీయించుకొనడం మన ప్రాంతాలలో అలవాటుగా మారింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద వందకు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. వీరందరూ భయంతోనే తీయించుకున్నారని అనలేము గాని, భయం పాత్ర చిన్నది కాదు. మరోవైపు 2019-21 సర్వేలో, 30 నుండి 49 ఏళ్ళ భారతీయ స్త్రీలలో ఎప్పుడైనా ఈ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు వందకు ఇద్దరైనా లేరు. పరీక్ష లేనిచోట కత్తి ముందు నడిచిందన్నమాట.

ఈ చిక్కుముడి విడిపోవడానికి దారి పాపనికొలావు చూసిన కణం లోపలే ఉన్నది. ఆ కణాన్ని వికృతం చేస్తున్నది ఏది? ఆయన కాలంలో దీనికి సమాధానం లేదు. ఆండ్రొమాకీ మరణించిన మరుసటి ఏడాది, 1983లో, జర్మన్ శాస్త్రవేత్త హారాల్డ్ త్సూర్ హౌసెన్ బృందం ఈ క్యాన్సర్ కణాలలో హ్యూమన్ పాపిల్లోమా వైరస్ 16వ రకాన్ని గుర్తించింది. మరుసటి ఏట 18వ రకం బయటపడింది. ప్రపంచంలోని ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఈ రెండు రకాలే కారణం. 1951లో ఇదే రోగంతో మరణించిన హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ దేహం నుండి, ఆమెకు తెలియకుండా సేకరించి, ప్రయోగశాలలలో పెంచుతూ వచ్చిన కణాలలోనూ 18వ రకం వైరస్ ఉన్నట్లు తేలింది. త్సూర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ వైరస్ దాంపత్య సంబంధం ద్వారా సోకుతుంది. సోకినంత మాత్రాన క్యాన్సర్ కాదు. చాలామందిలో శరీరమే దానిని ఒకటి రెండేళ్ళలో తరిమివేస్తుంది. ఏళ్ళ తరబడి తిష్ఠవేసినప్పుడే కణాలు మారడం మొదలవుతుంది. ఆ మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదిహేను, ఇరవై సంవత్సరాలు పడుతుంది. కనుక ముప్పై దాటిన స్త్రీలో వైరస్ కోసం వెదికితే, రోగం రాబోయే దారినే ముందుగా కాపుకాయవచ్చును. కణాన్ని చదవడానికి పండితుని కన్ను కావాలి. వైరస్ ఉన్నదా లేదా చెప్పడానికి యంత్రం చాలును.

ఈ ఊహను మన దేశంలోనే పెద్ద ఎత్తున పరీక్షించారు. మహారాష్ట్రలోని మరాఠ్వాడాలో, ఇప్పుడు ధారాశివ్ అని పిలిచే ఉస్మానాబాద్ జిల్లాలో, 1999లో మొదలుపెట్టి 52 గ్రామ సముదాయాలకు చెందిన 30-59 ఏళ్ళ స్త్రీలు 1,31,746 మందిని నాలుగు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి వైరస్ పరీక్ష, ఒక వర్గానికి పాప్ పరీక్ష, ఒక వర్గానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం అద్ది కంటితో చూసే పరీక్ష, నాలుగవ వర్గానికి మామూలుగా అందే వైద్యం. జీవితంలో ఒకే ఒక్కసారి చేసిన పరీక్షలివి. ఫలితాలు 2009లో వెలువడ్డాయి. వైరస్ పరీక్ష వర్గంలో 34,000 మందికి గాను 34 మంది, ఏ పరీక్షా లేని వర్గంలో 31,000 పైచిలుకు మందికి గాను 64 మంది ఈ క్యాన్సర్‌తో మరణించారు. ఇంచుమించు సగం మరణాలు ఆగిపోయాయి. వైరస్ లేదని తేలినవారిలో ఆ ఎనిమిదేళ్ళలో ఒక్కరైనా దీనితో మరణించలేదు. మిగిలిన రెండు పరీక్షల వలన మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఒక వర్గాన్ని పరీక్ష లేకుండా వదలివేయడం ధర్మమేనా అన్న విమర్శ తరువాత వచ్చింది. అది తోసిపుచ్చదగిన విమర్శ కాదు. ఆ 64 మంది కూడ ఎవరి తల్లులో, అక్కలో.

మన తెలుగునేలపై, హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న మేడ్చల్ మండలంలో, ఆ దశాబ్దంలోనే వేరొక ప్రశ్న వేశారు. నమూనాను వైద్యులే తీయాలా? స్త్రీ తానే తీసుకోరాదా? చిన్న కుంచెవంటి పరికరం ఇచ్చి, వాడే విధం చెప్పి, చాటుగా ఆమెనే తీసుకోనిచ్చారు. తరువాత వైద్యులు కూడ తీశారు. రెండు నమూనాల ఫలితాలకు చాలావరకు పొంతన కుదిరింది. లోపలి పరీక్ష అనగానే కలిగే బిడియం, మగ వైద్యుడుంటాడేమోనన్న జంకు, కూలి పోతుందన్న బెంగ, ఈ మూడింటినీ ఆ చిన్న కుంచె చాలావరకు తప్పిస్తుంది. ఒకనాడు ఆండ్రొమాకీ ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి ఇచ్చిన నమూనాను, మేడ్చల్ స్త్రీ తన చేతితో తానే తీసి ఇచ్చింది.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైరస్ పరీక్షనే మొదటి పరీక్షగా సిఫారసు చేసింది. ముప్పై ఏళ్ళ వయసు నుండి ఐదు మొదలు పదేళ్ళకొకసారి చేస్తే చాలునని, స్త్రీ స్వయంగా తీసుకున్న నమూనా కూడ పనికివస్తుందని చెప్పింది. మన ప్రభుత్వ వైద్యవ్యవస్థలో 2016 మార్గదర్శకాల ప్రకారం ఎంచుకున్నది ఆమ్లం అద్ది చూసే పరీక్ష; అది చౌక, కాని చూసే కంటి నేర్పుపై ఆధారపడినది. వైరస్ పరీక్షకు ఖర్చు ఎక్కువ.

వైరస్ కనిపించినదన్న మాట విని గర్భసంచి తీయించుకోవడానికి పరుగెత్తవలసిన పనిలేదు. ముఖద్వారాన్ని పరిశీలించి, మార్పులుంటే ఆ కొద్ది భాగాన్ని చల్లదనంతోనో వేడితోనో నశింపజేస్తారు. చాలామంది ఆనాడే ఇంటికి పోవచ్చును. వైరస్ ఉన్నవారిలో ఎవరికి చికిత్స అవసరమో తేల్చుకోవడానికి కొన్నిచోట్ల మళ్ళీ గాజుపలకనే ఆశ్రయిస్తారు. ఆ పలకకు అద్దేవి పాపనికొలావు కూర్చిన రంగులే.